మా కాగితం మీ బీరువాలో ఎందుకు?

స్కూబా డైవ్ సెంటర్ల యజమానులకు, ఇన్‌స్ట్రక్టర్లకు, సర్టిఫికెట్లు ఇచ్చే ఏజెన్సీలకు గోపాల్‌పూర్ నుంచి ఒక డైవ్‌మాస్టర్ రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మన దేశంలో స్కూబా డైవింగ్‌లో, అంటే గాలి ట్యాంకుతో నీళ్ల కిందికి దిగే పనిలో, డైవ్‌మాస్టర్ శిక్షణ ఇస్తున్న మీ అందరినీ ఒక్క విషయం అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. శిక్షణలో ఉన్న మనిషి ఒక పరీక్ష పూర్తి చేసిన రోజే దాని మీద సంతకం పడాలి. ఆ సంతకం ఉన్న కాగితం ఆ మనిషి చేతిలో కూడా ఉండాలి. నేర్పేవాళ్లకూ నేర్చుకునేవాళ్లకూ పొసగని రోజు వస్తే, అప్పటిదాకా అయిన శిక్షణ వృథా కాకుండా ఇంకో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మిగతాది పూర్తి చేసుకునే వీలుండాలి. మీ నియమాలు దీనికి అడ్డు చెప్పవు. అడ్డు వస్తున్నది సెంటర్లలో పాతుకుపోయిన అలవాటు. ఆ అలవాటు వల్ల ఏం జరుగుతుందో నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈ తీరంలో చేపలు పట్టే మమ్మల్ని నోలియాలంటారు. మేం వాడబలిజ కులంవాళ్లం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పటికీ ఆర్జిపల్లి, రామయపట్నం, సోనాపూర్ వైపు వెళ్తే వలలు బాగుచేసుకుంటూ తెలుగులో మాట్లాడుకునేవాళ్లు కనిపిస్తారు.

మా వాళ్లకు సముద్రం కొత్త కాదు. అయినా మా కుర్రాళ్లు డైవింగ్ వైపు ఎందుకు చూస్తున్నారో మీకు తెలియాలి. ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య నది ముఖద్వారం దగ్గర 20 కిలోమీటర్ల మేర చేపల వేట నిషేధం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వేలకు వేలుగా అక్కడికే వస్తాయి. వాటిని కాపాడాల్సిందే. ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. దానికి తోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉండాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. పడవలు, వలలు పోగొట్టుకున్న ఇళ్లు మళ్లీ లేవడానికి ఏళ్లు పట్టాయి. గంజాం నుంచి సూరత్ మగ్గాల దగ్గరికి వెళ్లినవాళ్లు ఎంతమందో మీరు ఏ రైల్లో చూసినా తెలుస్తుంది. బీచ్‌లో లైఫ్‌గార్డు పని దొరికినవాళ్లు అదృష్టవంతులు. సముద్రం వదలకుండా బతకడానికి ఇంకో దారి ఉందని నాకు తెలిసినప్పుడు, ఆ దారి డైవింగ్ అయింది.

అయితే మా నీళ్లలో డైవింగ్ నేర్చుకునే వీలు లేదు. ఒడ్డున కెరటం గట్టిగా విరుగుతుంది, కింద ఇసుక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, వానాకాలంలో నదుల నుంచి బురద నీరు దిగుతుంది. అండమాన్‌కో పుదుచ్చేరికో గోవాకో వెళ్లాలి. లేదంటే మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికి, మహారాష్ట్రలోని తార్కర్లీకి వెళ్లాలి. వెళ్లాలంటే డబ్బు కావాలి. నా విషయంలో కొంత అమ్మ బంగారం తాకట్టు పెడితే వచ్చింది. మిగిలింది నాన్న చేపల వ్యాపారి దగ్గర తీసుకున్నాడు. వ్యాపారి దగ్గర అప్పు అంటే ఏమిటో మా తీరంలో అందరికీ తెలుసు. అది తీరేదాకా పట్టిన చేప ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన ధరకే వెయ్యాలి. మీ ఆఫీసులో నేను కట్టిన ఫీజు వెనక ఉన్నది ఇది. చదువుకూ ఉద్యోగానికీ మధ్య కాస్త విరామం తీసుకుని దీవులకు వచ్చే పిల్లలతో పాటు ఇలాంటివాళ్లు కూడా మీ బెంచీ మీద కూర్చుంటున్నారు.

నేను మొదట చేరిన సెంటర్ పేరు రాయను. అది ఏ ఏజెన్సీ కింద నడుస్తుందో కూడా చెప్పను. ఒక్క మనిషిని బజారుకీడ్చడం కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. అలాంటి కథలు నాకు ఆ తర్వాత వేర్వేరు తీరాల వాళ్ల నోట వినిపించాయి.

డైవ్‌మాస్టర్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కాస్త చెప్పాలి. డైవింగ్‌ను వృత్తిగా చేసుకోవడానికి మొదటి మెట్టు అది. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేసినవాళ్లు 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్ చేసినవాళ్లు 30 మీటర్ల దాకా దిగవచ్చు. ఆ తర్వాత ఆపదలో ఉన్న డైవర్‌ను కాపాడటం నేర్పే రెస్క్యూ, ప్రథమ చికిత్స. అవన్నీ అయ్యాక డైవ్‌మాస్టర్. ప్యాడీ అనే ఏజెన్సీ పద్ధతిలో 18 ఏళ్లు నిండాలి, మొదలుపెట్టేటప్పటికి లాగ్‌బుక్‌లో (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకంలో) 40 డైవ్‌లు ఉండాలి, సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి 60 ఉండాలి. ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) లేకుండా 400 మీటర్ల ఈత, మాస్క్, స్నార్కెల్ (ఊపిరి పీల్చే గొట్టం) పెట్టుకుని 800 మీటర్ల ఈత, అలసిపోయిన డైవర్‌ను 100 మీటర్లు లాక్కురావడం, 15 నిమిషాలు నీళ్లలో తేలుతూ నిలబడటం. వీటిలో ప్రతిదానికీ మార్కులుంటాయి. నీళ్ల కింద చేసి చూపించాల్సిన నైపుణ్యాలు 24. ఇద్దరు డైవర్లు ఒకే రెగ్యులేటర్ (ట్యాంకులోని గాలిని నోటికి అందించే పరికరం) నుంచి వంతులవారీగా గాలి పీలుస్తూ తమ సామాను మొత్తం ఒకరితో ఒకరు మార్చుకునే పరీక్ష కూడా ఉంది. డైవ్ సైట్ మ్యాప్ గీయాలి. విద్యార్థుల పక్కన, సర్టిఫికెట్ ఉన్న డైవర్ల పక్కన సహాయకుడిగా పనిచేసి చూపించాలి. చివర్లో ప్రొఫెషనలిజం అని ఒక అంశం ఉంటుంది. ప్రవర్తన, బాధ్యత, నలుగురితో మెలిగే తీరు చూసి ఇన్‌స్ట్రక్టర్ మార్కు వేస్తారు. ఈ ఆఖరి అంశాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పని గురించి నాకు ఫిర్యాదు లేదు. తెల్లవారకముందే లేచి కంప్రెసర్ దగ్గర ట్యాంకులు నింపాను. పడవకెక్కించాను, దించాను. సాయంత్రం రెగ్యులేటర్లు, బీసీడీలు (గాలి నింపుకుని తేలే జాకెట్లు) మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాను. అవి తెలియనివాడు డైవ్‌మాస్టర్ కాలేడు. ట్యాంకులో గాలి ఒత్తిడి 200 బార్ ఉందో లేదో చూడకుండా పడవెక్కేవాడిని నేనే నమ్మను. కానీ రోజంతా పని చేయించుకుని, నేర్పాల్సిన గంట రాగానే "రేపు చూద్దాం" అనడం వారాల తరబడి సాగింది. నెలలు గడిచేకొద్దీ మాకు అర్థమైంది, సీజన్‌లో జీతం ఇవ్వక్కర్లేని మనుషులు కావాలి కాబట్టి మమ్మల్ని తీసుకున్నారని. శిక్షణ ఆలస్యమైతే నష్టం మాకు. వాళ్లకు అది ఇంకో నెల ఉచిత పని.

అది కూడా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకోటి జరిగింది.

ఒక ఉదయం టూరిస్టులు ఎక్కువ వచ్చారు, ఇన్‌స్ట్రక్టర్లు చాలలేదు. వచ్చినవాళ్లకు ఈత కూడా రాదు. జీవితంలో మొదటిసారి నీళ్లలో ఊపిరి పీల్చబోయేవాళ్లు. ట్రై డైవ్ అంటారు దాన్ని. మా ఇన్‌స్ట్రక్టర్ ఇద్దరిని చూపించి, "వీళ్లను నువ్వు దింపు" అన్నాడు. నాకు ఆ అర్హత లేదు. శిక్షణలో ఉన్నవాడు ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండి సాయం చేయవచ్చు తప్ప ఒంటరిగా ట్రై డైవ్ చేయించకూడదు. సర్టిఫికెట్ వచ్చిన డైవ్‌మాస్టర్‌కు కూడా దానికి వేరే శిక్షణ కావాలి, అది కూడా కొన్ని పరిమితుల్లోనే.

ఆ నియమం ఎందుకుందో రెస్క్యూ చదివినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా గాలి పీల్చినవాడు భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే, ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలు కావడానికి చూస్తుంది. ఊపిరితిత్తి చిరుగుతుంది. గాలి బుడగలు రక్తంలోకి వెళ్తే మెదడు దెబ్బతింటుంది. అందుకు 10 మీటర్ల లోతు కూడా అక్కర్లేదు, ఒక మనిషి ఎత్తు నీళ్లు చాలు. కొత్తవాడికి మాస్క్‌లోకి రెండు చుక్కలు రాగానే మొదట తోచేది పైకి పారిపోవడమే. అలాంటివాళ్లు ఇద్దరు ఒకేసారి రెండు వైపులకు పోతే నేను ఎవరిని పట్టుకోవాలి?

"చెయ్యను సార్" అన్నాను. గొంతు పెంచలేదు, వాదించలేదు. "మీతో పాటు వస్తాను, ఒంటరిగా దింపను" అన్నాను.

ఆ రోజు నుంచి నా పరిస్థితి మారిపోయింది. అతిథుల ముందు నేను బ్రీఫింగ్ ఇస్తుంటే (డైవ్‌కు ముందు చెప్పాల్సిన సూచనలు చెబుతుంటే) ఆ ఇన్‌స్ట్రక్టర్ ఆపి, నా ఇంగ్లిష్‌ను అనుకరించి నవ్వించేవాడు. ఒకసారి 18 మీటర్ల దగ్గర ముందస్తు మాట ఏమీ లేకుండా వెనక నుంచి వచ్చి నా మాస్క్ లాగేశాడు. పైకొచ్చాక దాన్ని పరీక్ష అన్నాడు. మాస్క్ లేకుండా ఊపిరి పీల్చడం, మాస్క్ పెట్టుకుని నీళ్లు ఖాళీ చేయడం నాకు వచ్చు, చేశాను. అయినా అది పరీక్ష కాదు. పరీక్ష అంటే ముందు ఒడ్డున కూర్చోబెట్టి ఏం చేయబోతున్నామో చెప్పాలి, ఏది తప్పితే ఆపేస్తామో చెప్పాలి, పక్కన ఇంకో డైవర్ సిద్ధంగా ఉండాలి. చెప్పకుండా లాగితే ఒకడు ముక్కుతో నీళ్లు పీలుస్తాడు, ఇంకొకడు పైకి దూసుకుపోతాడు. మనిషిని గట్టిపరచడం పేరుతో ఇలాంటివి చేసే ఇన్‌స్ట్రక్టర్లు మీలో కొందరున్నారు. కోర్సు చివర్లో స్నార్కెల్ టెస్ట్ పేరుతో గొట్టంలోంచి మందు తాగించే అలవాటు కూడా కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఈ రెండూ మానండి. ఒత్తిడిలో నిదానంగా ఉండటం నేర్పాలంటే నిదానంగానే నేర్పాలి.

చివరికి నా కాగితం మీద ప్రొఫెషనలిజం దగ్గర మార్కు పడింది. పాస్ కావడానికి చాలని మార్కు. కారణం రాసే చోటు ఖాళీగా ఉంది. అడిగితే "నీ యాటిట్యూడ్ బాగాలేదు" అన్నాడు. ఈత పరీక్షలో ఈ మాట చెల్లదు. 400 మీటర్లు ఆరున్నర నిమిషాల్లోపు ఈదితే అయిదు మార్కులు, గడియారం ఎవరి పక్షమూ వహించదు. 24 నైపుణ్యాల్లో కూడా చూసినవాళ్లు పదిమంది ఉంటారు. ప్రొఫెషనలిజం మాత్రం ఒక్క మనిషి మనసులో ఉంటుంది. అది పరీక్షించాల్సిన అంశం కాదని నేననడం లేదు. నీళ్లలో పదిమంది ప్రాణాలు చూసుకునేవాడి బాధ్యత ఎలాంటిదో ఎవరో ఒకరు చూడాల్సిందే. కానీ నా కళ్లకు, అర్హత లేని పని చేయనని చెప్పడమే బాధ్యత. దానికే మార్కు పోయింది.

నేను వెళ్లిపోతానన్నాను. అప్పటిదాకా పూర్తి చేసినవాటి మీద సంతకాలు పెట్టి కాగితం ఇమ్మన్నాను. ఈతలు, రెస్క్యూ పరీక్ష, మ్యాప్, నైపుణ్యాల్లో చాలావరకు అయిపోయాయి. "అది సెంటర్ రికార్డు, ఇవ్వం" అన్నారు. అన్నీ అయ్యాక ఒకేసారి సంతకం పెట్టడం అక్కడి పద్ధతట. అంటే నెలల తరబడి నేను చేసింది ఎక్కడా చేసినట్టు లేదు. ఫీజులో ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

ఇంటికి ఫోన్ చేసి విషయం చెప్పాను. అప్పు గురించి నాన్న అడుగుతాడేమో అని భయపడ్డాను. నాన్న అడిగింది ఒకటే, "నీళ్లలో నీకేం కాలేదు కదా?"

నన్ను నిలబెట్టింది నా లాగ్‌బుక్. ప్రతి డైవ్ అయ్యాక రాత్రి కూర్చుని రాసుకునేవాడిని: ఎక్కడ దిగాం, ఎంత లోతు, ఎంతసేపు, ఎన్ని బార్లతో దిగి ఎన్ని బార్లతో పైకొచ్చాను, నీటి ప్రవాహం ఎటు, పక్కన ఎవరున్నారు. ఆ డైవ్‌లో ఏ నైపుణ్యం చేశానో కూడా రాసి, బడ్డీగా, అంటే జంటగా, దిగిన డైవర్ చేత సంతకం చేయించుకునేవాడిని. ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో సమానం కాదని తెలుసు. కానీ ఆ పుస్తకం లేకపోతే నా తరఫున మాట్లాడేది ఏదీ ఉండేది కాదు.

ఆ పుస్తకం పట్టుకుని తర్వాత పుదుచ్చేరిలో ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ తమిళురాలు, తెలుగు కాస్త అర్థమవుతుంది. అక్కా అని పిలిచేవాడిని. ఆవిడ మొదట పుస్తకమంతా చదివింది. పాత సెంటర్‌కు రాసి, అడిగి చూసింది. జవాబు రాలేదు. తర్వాత నన్ను కూర్చోబెట్టి, "ఇందులో ఉన్నది నేను నమ్ముతున్నాను. కానీ సంతకం నాది, చూడకుండా పెట్టను. అన్నీ మళ్లీ చేయాలి. వచ్చినవాటికి నీ టైమ్ వృథా చేయను" అంది. నాకది న్యాయంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. ఫీజు వాయిదాల్లో కట్టుకోమంది.

ఆవిడ దగ్గర నేర్చుకున్న తీరు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మంచి శిక్షణ ఎలా ఉంటుందో కూడా మనం చెప్పుకోవాలి. నీళ్ల మధ్యలో కదలకుండా నిలబడటంలో నాకు ఒక ఇబ్బంది ఉండేది, మెల్లగా పైకి తేలిపోయేవాడిని. మొదటి సెంటర్‌లో దానికి మందు, నడుముకు ఇంకో బరువు కట్టడం. ఆవిడ మాత్రం బరువులు తగ్గించింది. బరువు ఎక్కువైతే దాన్ని మోయడానికి బీసీడీలో గాలి ఎక్కువ నింపాల్సి వస్తుంది, ఆ గాలి కాస్త పైకి రాగానే ఉబ్బి మనల్ని ఇంకా పైకి లాగుతుంది అని పలక మీద బొమ్మ గీసి చూపించింది. ఊపిరి చివరిదాకా వదలమంది. నేను సగం వదిలి మళ్లీ పీలుస్తున్నానని ఆవిడ బుడగలు చూసి కనిపెట్టింది. ఆ తర్వాత అయిదు మీటర్ల దగ్గర పైకి వచ్చే ముందు ఆగే మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో తాడు పట్టుకోకుండా నిలబడగలిగాను.

తప్పు చేసినప్పుడు నీళ్లలో ఏమీ అనేది కాదు. పడవ మీద అందరి ముందూ అనేది కాదు. ఒడ్డుకొచ్చాక పక్కకు పిలిచి, ఏం జరిగిందో ముందు నన్ను చెప్పమనేది. చాలాసార్లు ఆవిడ చెప్పబోయేది నేనే చెప్పేవాడిని. ఆ సాయంత్రమే మార్కు వేసి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టి, ఫోన్‌లో ఫోటో తీసుకోమనేది. తక్కువ మార్కులు కూడా వేసింది. రెస్క్యూ పరీక్షలో నేను ముందుగా సాయానికి కేక వేయకుండా మనిషి వైపు ఈదుకుంటూ పోయానని మళ్లీ చేయించింది. నా కోపం ఒక్క పూట కూడా నిలవలేదు, ఎందుకంటే ఎందుకు తగ్గిందో కాగితం మీద ఉంది.

ఒకరోజు నెల్లూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. బ్రీఫింగ్ తెలుగులో ఇమ్మంది అక్క నన్ను. చెవులు నొప్పి పుట్టక ముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి, నొప్పి వస్తే ఇంకా కిందికి దిగకూడదు, కాస్త పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి, ఏం జరిగినా ఊపిరి బిగబట్టకూడదు అని చెబుతుంటే ఆ ఇంటి పెద్దాయన అన్నీ మళ్లీ మళ్లీ అడిగాడు. ఇంగ్లిష్‌లో అయితే ఆయన అడిగేవాడు కాదు, తల ఊపి నీళ్లలోకి దిగేవాడు. మన తీరాలకు వస్తున్న టూరిస్టుల్లో తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మా భాష మీ సెంటర్లకు బరువు కాదు, రక్షణ.

ఇప్పుడు మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. సంతకం అంటే చట్టపరమైన బాధ్యత, రాని వాడికి ఎలా పెడతాం, ఒక దగ్గర పాస్ కాలేక ఇంకో దగ్గర సులువుగా తెచ్చుకునేవాళ్లు ఉన్నారు కదా అని. నిజమే, ఉన్నారు. పనికిరాని డైవ్‌మాస్టర్‌ను తయారుచేయడం కంటే పెద్ద తప్పు ఈ వృత్తిలో లేదు. రాకపోతే పెట్టకండి. కానీ రాలేదని రాయండి. ఏది రాలేదో, ఏం చేస్తే వస్తుందో రాయండి. అలా రాసిన కాగితం ఉంటే సులువు దారి వెతికేవాడే ముందు దొరుకుతాడు, తర్వాతి ఇన్‌స్ట్రక్టర్ అది చూసి జాగ్రత్త పడతారు. కాగితం బీరువాలో దాస్తే రెండు రకాల వాళ్లూ ఒకేలా కనిపిస్తారు.

ఓపెన్ వాటర్ చేసే టూరిస్టుకు ఈ సౌకర్యం ఎప్పటినుంచో ఉంది. ఊళ్లో థియరీ, స్విమ్మింగ్‌పూల్ పాఠాలు పూర్తి చేసి, రెఫరల్ కాగితం తీసుకుని సముద్రం ఉన్నచోట మిగతా నాలుగు డైవ్‌లు చేసుకోవచ్చు. ప్యాడీలో ఆ కాగితం 12 నెలలు చెల్లుతుంది. నాలుగు రోజులు సరదాగా వచ్చేవాడికి ఇచ్చే మర్యాద, దీన్నే బతుకుదెరువు చేసుకోవాలనుకున్న మాకు కూడా ఇవ్వండి.

ఏజెన్సీలకు ఒక మాట. ఫిర్యాదు తీసుకునే విభాగాలు మీకున్నాయి, నియమాలు మీరిన ఇన్‌స్ట్రక్టర్ మీద చర్య తీసుకునే అధికారం కూడా ఉంది. నాకు అది తెలియడానికే చాలా కాలం పట్టింది. కోర్సు మొదటి రోజే, ఫీజు కట్టకముందే, ఫిర్యాదు ఎవరికి రాయాలో, పరీక్షలు ఏవేవో, శిక్షణలో ఉన్నవాడితో చేయించకూడని పనులు ఏవో ఒక పేజీలో రాసి నేర్చుకునేవాడి సంతకం, నేర్పేవాడి సంతకం తీసుకునేలా చేయండి. ఆ పేజీ తెలుగు, ఒడియా, తమిళం, బెంగాలీలో ఉంటే మీకు పెద్ద ఖర్చు కాదు. ప్రొఫెషనలిజం మార్కు మాత్రం ఆ మనిషితో పని చేయించుకుంటున్న ఇన్‌స్ట్రక్టర్ ఒక్కడి చేతిలో పెట్టకండి. కనీసం ఇంకొకరి అభిప్రాయం కూడా రాయించండి. మార్కు తగ్గితే కారణం రాయనిదే ఆ కాగితం చెల్లదనండి.

యజమానులకు ఇంకో మాట. మీ ఇన్‌స్ట్రక్టర్ నీళ్లలో ఎలా ఉంటాడో టూరిస్టుల రేటింగులను బట్టి మీకు తెలియదు. ట్యాంకులు మోసే కుర్రాడిని అడిగితే తెలుస్తుంది. అతడు "చెయ్యను" అన్న రోజు మీ సెంటర్‌ను ఒక ప్రమాదం నుంచి తప్పించి ఉంటాడు. గోవాలో కేంద్ర ప్రభుత్వ జాతీయ జలక్రీడల సంస్థ 1990 నుంచి ఉంది, లైఫ్‌గార్డులకూ పడవలు నడిపేవాళ్లకూ శిక్షణ ఇస్తోంది. అలాంటి ప్రభుత్వ సంస్థల సాయంతో మా తీరం కుర్రాళ్ల ఫీజులో కొంత భరించే దారి ఉంటుందేమో ఒడిశా పర్యాటక శాఖ కూడా ఆలోచించాలని వినయంగా అడుగుతున్నాను. ముందుగా చేరుకునేది మా నోలియాలే, గోపాల్‌పూర్‌లో ఎవరు మునిగినా.

శిక్షణలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ: ఫీజు కట్టేముందు రసీదుతో పాటు ఏమేం నేర్పుతారో రాతలో అడగండి. ప్రతి డైవ్ ఆ రాత్రే రాసుకోండి, బడ్డీ సంతకం తీసుకోండి, పేజీని ఫోటో తీసి ఇంటికి పంపండి. మీకు అర్హత లేని పని చేయమంటే చేయనని చెప్పండి, ఎవరు చెప్పినా సరే. మధ్యలో ఆగిపోయినవాళ్లు మీ వల్ల కాదని అనుకోకండి. ఒకరి దగ్గర ఆగింది ఇంకొకరి దగ్గర పూర్తవుతుంది. నాది పూర్తయింది. ఇప్పుడు ఆ పని మీదే బతుకుతున్నాను, వ్యాపారి అప్పు కొంచెం కొంచెంగా తీరుస్తున్నాను.

ఈ అక్టోబర్‌లో సీజన్ మొదలవగానే మా బస్తీ నుంచి ఇద్దరు కుర్రాళ్లు రెస్క్యూ కోర్సుకు బయల్దేరుతున్నారు, ఆ తర్వాత డైవ్‌మాస్టర్ చేయాలని వాళ్ల ఆశ. ఏ సెంటర్‌కు పంపాలో వాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను అడుగుతున్నారు. పరీక్ష అయిన రోజే సంతకం పెట్టి, ఆ కాగితం నకలు నేర్చుకునేవాళ్ల చేతికి ఇస్తామని రాతపూర్వకంగా చెప్పే సెంటర్లు ఏవైనా ఉంటే దయచేసి తెలియజేయండి. ఇంగ్లిష్‌లో రాసినా, హిందీలో, ఒడియాలో, తెలుగులో రాసినా సరే. వాళ్లను అక్కడికే పంపిస్తాను.

ఇట్లు,
గోపాల్‌పూర్ నుంచి ఒక డైవ్‌మాస్టర్
గంజాం జిల్లా, ఒడిశా